మూడు ఇళ్లు, మూడు నోటుబుక్కులు

రమజాన్ దగ్గరపడుతోంది. ప్రతి ఏడూ ఈ షాబాన్ రోజుల్లోనే ఇంటి ఖర్చు మాట మన ఇళ్లలో కాస్త గట్టిగా వినబడుతుంది. ఉపవాసాల నెలలో తిండి ఖర్చు తగ్గాలి గదా, పెరుగుతుందేమిటని మగవారు అడుగుతారు. ఇఫ్తార్‌కు పండ్లూ ఖర్జూరాలూ, పండుగకు పిల్లల బట్టలూ ఒక్కసారి మీరే తెచ్చి చూడండని ఆడవారు అంటారు. మొన్న ఒక సోదరి మమ్మల్ని సూటిగానే నిలదీశారు. "దుబారా వద్దని ఎన్నాళ్ల నుంచో రాస్తున్నారు. తగ్గించడమంటే పిల్లల నోరు కట్టేయడమేనా? నవ్వుకుంటూ బతకడానికి వీలే లేదా?"

ఈ ప్రశ్నకు ధర్మోపన్యాసంతో జవాబు చెప్పడం సులువు. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ వాక్యం దుబారాకూ పిసినారితనానికీ నడుమ ఉన్న దారిని చూపుతుందని మన పాఠకులందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆ నడిమి దారి మన వీధిలో, మన జీతంలో ఎక్కడ ఉందన్నదే. అందుకని నిరుడు మా కుటుంబంలోనే జరిగిన సంగతి చెప్పదలిచాము. సంబంధించిన వారి అనుమతి తీసుకునే రాస్తున్నాము.

మా కాపురం జనగామలో. మేమిద్దరం దర్జీ పని మీద బతుకుతాము. మా అన్నది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మా నోటికి వచ్చేది మానుకోటే. అక్కడ ఆయనకు చిన్న కిరాణా దుకాణం ఉంది. మా అమ్మాయిని భూపాలపల్లిలో ఇచ్చాము. అల్లుడు సింగరేణి గనిలో పర్మినెంటు కార్మికుడు. ఒకప్పుడు ఈ మూడు ఊళ్లూ ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11 నుంచి మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. చూసేవారికి మా మూడు ఇళ్లలో భూపాలపల్లిది బాగా బతికే ఇల్లు, మానుకోటది పరువుగల ఇల్లు, మాది ఏదో గడిచిపోయే ఇల్లు. నోటుబుక్కులు తెరిచేదాకా మేమూ అలాగే అనుకున్నాము.

నిరుడు జూన్ 7న బక్రీదుకు అందరం మానుకోటలో కలిశాము. మాంసం పంపకం అయ్యి, మధ్యాహ్నం భోజనాలు ముగిసిన తర్వాత పిల్లలంతా వాకిట్లో నిలిపిన అల్లుడి కొత్త కారు చుట్టూ చేరారు. ఏడేళ్ల మనుమరాలు వచ్చి మా ఒళ్లో కూర్చుని, "నానీ, మాకు కారు ఉంది కదా, మరి మేము ఎక్కడికీ ఎందుకు పోము?" అని అడిగింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. అల్లుడు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మా వదిన ఒక మాట అన్నది. "అందరం డబ్బులు సాలవు సాలవు అంటనే ఉన్నం. ఎటు పోతున్నయో ఒక్కరమన్నా రాసినమా?" అలా మొదలయ్యింది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలూ మూడు ఇళ్లలో ప్రతి పైసా రాయాలి. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు ఖర్చులో ఏది ఇంట్లో ఎవరికైనా నిజంగా సంతోషం ఇచ్చిందో దానికి ఎదురుగా ఒక చుక్క పెట్టాలి. ఈ చుక్క ఆలోచన అమ్మాయిది. మాకు మొదట పిల్లలాటగా అనిపించింది.

ముందు మా పుస్తకమే చెబుతాము. నెలకు సుమారు 19,000 ఖర్చులో చుక్కలు పడినవన్నీ కూడితే 1,140 రూపాయలు తేలింది. జుమా రోజు బగారా అన్నం, దాల్చా. ఆదివారం సాయంత్రం చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు. పండిన జామకాయలు. పొరుగింటి ముసలమ్మకు పంపిన గిన్నెడు కూర. మా నవ్వులన్నీ మా సంపాదనలో ఆరు శాతం దగ్గర సరిపోతున్నాయి. ఇన్నేళ్లుగా ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడల్లా మేము ముందుగా కత్తెర వేసింది ఈ ఆరు శాతానికే. దాల్చాలో మాంసం మానేశాము, బిస్కెట్లు మానేశాము. నెల చివర మిగిలింది మాత్రం ఎప్పుడూ ఏమీ లేదు.

మరి కారినది ఎక్కడ? మచ్చుకు ఒక్కటి. మన రాష్ట్రంలో ఆహార భద్రత కార్డు ఉన్న ఇంటికి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా. 2024 నుంచి ఇది అమలులో ఉంది. కానీ 200 దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే కట్టి ఊరుకోవడం కుదరదు, మొత్తం వాడకానికీ కట్టాలి. దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిటుకు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. నిరుడు మే నెలలో మా మీటరు 206 చూపింది. వాడకం చార్జీయే 1,066 రూపాయలయ్యింది, స్థిర చార్జీలు వేరే. అంటే ఆ చివరి ఆరు యూనిట్ల ధర వెయ్యి రూపాయలకు పైమాట. మా నెల సంతోషం మొత్తం ఎంతో దాదాపు అంత. అది కూడా ఎవరూ లేని గదిలో తిరిగిన కూలర్ వల్ల. ఇప్పుడు ప్రతి జుమా రోజు ఫజర్ తర్వాత మీటరు చూసి గోడ మీది క్యాలెండరులో రాస్తున్నాము. వారానికి 45 దాటితే ఆ వారం ఇస్త్రీ పని పగలు పొయ్యి బొగ్గులతో సాగుతుంది. దర్జీ ఇంట్లో ఇస్త్రీ చిన్న విషయం కాదు మరి.

రేషను బియ్యం సంగతి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఐదుగురి ఇంటికి ముప్పై కిలోలు. మునుపు దొడ్డుబియ్యం ఇచ్చిన రోజుల్లో చాలామంది వాటిని ఎవరికో అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి సన్నబియ్యం కొనేవారు. ఆ అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో పోలేదు. "రేషనువి తినడమా" అన్న చిన్నతనమే దానికి కారణమని మా అభిప్రాయం. అన్నం మెతుకులో చిన్నతనం ఏమిటో మాకు అర్థం కాదు.

ఇక మానుకోట పుస్తకం. దాన్ని తెరిచిన రోజు మేము మాట్లాడలేకపోయాము.

అన్న పెద్దకూతురి పెళ్లి 2024 చివరలో జరిగింది. నికాహ్ మసీదులో అరగంటలో, అతి సులువుగా పూర్తయ్యింది. ఖర్చంతా ఆ తర్వాత ఫంక్షన్ హాలులో. ఏడు వందల మందికి బిర్యానీ, రెండు తీపి వంటకాలు, వేదిక అలంకరణ. షాదీ ముబారక్ సొమ్ము 1,00,116 రూపాయలు ఎలాగూ వస్తాయి కదా అన్న ధైర్యం ఒకటి. 2014లో ఆ పథకం 51,000తో మొదలైంది పేద ఇంటి ఆడపిల్ల పెళ్లి అప్పు లేకుండా జరగాలన్న ఉద్దేశంతో. మన దగ్గర సాయం పెరిగినప్పుడల్లా వంటకాల సంఖ్య పెరిగింది. ఆడపిల్ల వారు ఊరికంతటికీ విందు చేయాలన్న నియమం షరీఅత్‌లో ఎక్కడా లేదు. వలీమా వరుడి వైపు బాధ్యత. ఈ మాట తెలియని వారు లేరు, పాటించే వారే తక్కువ. అన్నను మాత్రం ఏమంటాము? మా పెళ్లికి మా నాన్న చేసిందీ అదే.

లోటు పూడ్చడానికి అన్న మూడు లక్షలు బయట తెచ్చాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. "రెండు రూపాయలే" అన్నట్టు వినబడుతుంది. ఏడాదికి 24 శాతం. నెలకు 6,000 చొప్పున జనవరి నుంచి సెప్టెంబరు దాకా తొమ్మిది నెలల్లో 54,000 కట్టాడు. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. వడ్డీ నిషేధమన్న సంగతి ఆయనకు మేము చెప్పాల్సిన పని లేదు. ప్రతి నెలా ఆ డబ్బు ఇచ్చి వచ్చిన రోజు ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడని వదిన తర్వాత చెప్పింది.

ఆ పుస్తకంలో జూలై నెలకు ఒక్క చుక్క కూడా లేదు. పాలు అరలీటరు, అదీ ఐదుగురికి. పండ్లు రెండుసార్లు. ఆదా అంటే ఇదేనని చూపించడానికి వదిన ఎంతో శ్రద్ధగా రాసింది. చూస్తూ చూస్తూ మా అమ్మాయి తలెత్తి, "మామీ, మందుల లెక్క ఏది?" అని అడిగింది. వదినకు ఆరేళ్లుగా బీపీ ఉంది. కాసేపు ఆమె పలకలేదు. "రంజాన్ అయిపోయినప్పటి నుంచి తెప్పించుకుంటలేను" అన్నది చివరికి. "నేను మంచిగనే ఉన్న బిడ్డా. నెలకు మూడు వందలు మిగులుతున్నయి."

ఏడు వందల మందికి బిర్యానీ పెట్టిన ఇల్లు అది. మూడు వందల రూపాయల మాత్రల దగ్గర పొదుపు చేస్తోంది. అన్న తల దించుకున్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

మర్నాడు పొద్దున్నే వదినను సర్కారు దవాఖానాకు తీసుకుపోయాము. మానుకోటకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మరుసటి ఏడు జనగామకూ భూపాలపల్లికీ వచ్చాయి. బీపీ, షుగరు పరీక్షలు అక్కడ ఉచితం, మాత్రలూ ఉచితం. వరుసలో నిలబడాలి, ఒక పూట పోతుంది, అంతే. పెద్ద జబ్బులకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలుగా ఉంది. కార్డు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండడం మంచిది. ఆపద రాత్రి వచ్చినప్పుడు వెదకడం కష్టం.

బాకీ మాట ఇంకా ఉండనే ఉంది. వదిన వీధిలో మహిళలు గుంపుగా చేరి వారం వారం కిస్తీ కట్టే రుణాలు తీసుకుంటున్నారు. అందులో చేరి పాత బాకీ తీర్చేద్దామా అన్న ఆలోచన కూడా ఆమెకు వచ్చిందట. 2010 అక్టోబరులో ఇటువంటి వసూళ్ల ఒత్తిడి మీదనే అప్పటి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆనాటి ఇళ్ల పరిస్థితి మా తరం వారు మరచిపోలేదు. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో హైకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం మాట ఎలా ఉన్నా ఒక వడ్డీని మరో వడ్డీతో తీర్చిన ఇల్లు బాగుపడగా మేము చూడలేదు.

చివరికి మేము, తమ్ముడు, చెల్లెలు కలిసి తలా లక్ష ఇచ్చాము. ఖర్జె హసన్‌గా, ఒక్క పైసా అదనం లేకుండా. చెల్లెలు గాజులు అమ్మింది. మా లక్ష ఉమ్రా కోసం ఐదేళ్లుగా దాచినది. ఇవ్వాలా వద్దా అని రెండు రాత్రులు మేమిద్దరం మాట్లాడుకున్నాము. ఆ లక్ష మీద మక్కా దారి మా కళ్లకు కనబడుతూ ఉండేది. బాధ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. అన్న ఇంట్లో ప్రతి నెలా వడ్డీ వెళుతుండగా, ఆయన భార్య మాత్రలు మానేస్తుండగా మేము విమానం ఎక్కి ఏమని దుఆ చేస్తాము అన్న ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు దొరకలేదు.

అప్పును రాసుకోవాలని, సాక్షులు ఉండాలని ఆదేశించే అల్ బఖరా 282వ వాక్యమే ఖుర్ఆన్‌లోని వాక్యాలన్నింటిలోనూ పొడవైనది. సొంత అన్నదమ్ముల మధ్య కాగితం ఏమిటని అన్న మొదట నొచ్చుకున్నాడు. అయినా రాశాము. ఇద్దరు సంతకాలు చేశారు. అక్టోబరులో బయటి బాకీ తీరింది. నవంబరు నుంచి అన్న అదే 6,000 కడుతున్నాడు, మా ముగ్గురికీ రెండేసి వేల చొప్పున. నిన్నటిదాకా అడుగు లేని కుండలో పోసిన సొమ్మే ఇప్పుడు యాభై నెలల్లో, 2029 డిసెంబరుకు, బాకీని పూర్తిగా తీరుస్తుంది. ఆయన ఇంట్లో ఖర్చు ఒక్క రూపాయి తగ్గలేదు. ఇంట్లో మాటలు మాత్రం తిరిగి మొదలయ్యాయి. అక్టోబరు పుస్తకంలో వదిన మొదటి చుక్క పెట్టింది, డజను అరటిపండ్లకు.

మిగిలింది భూపాలపల్లి. సింగరేణిలో దసరాకు ముందు లాభాల వాటా ఇస్తారు. 2024లో లాభాల్లో 33 శాతం కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేల దాకా వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఐదేసి వేలు ఇచ్చారు. ఆ వారం గని ప్రాంతపు ఊళ్లలో బండ్ల దుకాణాల సందడి చూడవలసిందే. అల్లుడూ వెళ్లాడు. ఏడు లక్షల కారు. లక్షన్నర ముందుగా కట్టి, మిగతా ఐదున్నర లక్షలకు ఐదేళ్ల కిస్తీలు. నెలకు 11,417. "భార్యాపిల్లలను తిప్పుకుందామని కొన్నాను" అని అతను చెప్పింది నిజమే. గనిలో పగలు సూర్యుణ్ణి చూడని మనిషి అలా కోరుకోవడంలో తప్పేముంది?

కిస్తీ పోగా పెట్రోలుకు మిగలలేదు. కారు వాకిట్లో కవరు కప్పుకుని నిలబడింది. మూడు నెలల పుస్తకంలో దానికి పడిన చుక్కలు రెండు. మిగతా చుక్కలన్నీ పిల్లలతో ఆడిన ఆటలకు, సర్వపిండికి, సైకిలు పంక్చరు వేయించి ఇచ్చిన రోజుకు.

అమ్మమని మేము చెప్పలేదు. అల్లుడికి అటువంటి మాట చెప్పే పద్ధతి మన ఇళ్లలో లేదు, ఉండకూడదు కూడా. ఒక రాత్రి షిఫ్టు నుంచి వచ్చి అతనే కాగితం మీద లెక్క వేసుకున్నాడు. పన్నెండు కిస్తీల తర్వాత ఇంకా 4,59,000 దాకా బాకీ. కారుకు 5,40,000 ధర వచ్చింది. ముందుగా తీర్చినందుకు కంపెనీ పట్టుకున్నది పోగా చేతికి 67,000. మొత్తం కట్టినది 2,87,000. అంటే ఏడాదిలో పోయినది 2,20,000. కారు తిరిగినది 3,400 కిలోమీటర్లు. కిలోమీటరుకు దాదాపు 65 రూపాయలు, పెట్రోలు కాక. "మామగారూ, విమానం కూడా ఇంతకాదేమో" అని ఫోనులో నవ్వాడు. ఆ నవ్వు వెనుక ఎంత కష్టముందో మాకు తెలుసు. కారు అమ్మినవాడిని గని దగ్గర తోటివారు ఊరికే వదిలిపెట్టరు. నెల రోజులు మాటలు పడ్డాడు.

అమ్మిన తర్వాతి ఆదివారం నలుగురూ రేగొండ బస్సెక్కారు. ఆడవారికి, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి టికెట్టు లేదు. ఇంట్లో ముగ్గురూ ఆడవారే కాబట్టి టికెట్టు అల్లుడికి ఒక్కడికే. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు ఆటోలో వెళ్లి, రాళ్ల మీద ఆదిమానవులు గీసిన జంతువుల బొమ్మలు చూసి, కట్టుకుపోయిన బగారా అన్నం చెట్టు కింద తిని వచ్చారు. మనుమరాలు ఆ రాత్రి ఫోను చేసి అరగంట మాట్లాడింది. పుస్తకంలో ఆ రోజు ఖర్చు 310 రూపాయలు. చుక్కలు నాలుగు, పిల్లలు కూడా తలా ఒకటి పెట్టారు కాబట్టి.

ఈ సంగతంతా విన్న ఒక మిత్రురాలు, కారు కొనకూడదా అని అడిగారు. కొనవచ్చు. డబ్బు కూడినప్పుడు, పాత బండి అయినా సరే, చేతిలో ఉన్నదానితో కొనవచ్చు. మేము గమనించినదల్లా ఇంకా రాని జీతాన్ని ముందే ఒకరికి రాసిచ్చిన ఇంట్లో జామకాయ కూడా భారమవుతుందన్నదే. ఆ ఇంటివారు ఇక జామకాయను మానేస్తారు, రాసిచ్చినదాన్ని మానలేరు గనుక. కూరగాయలమ్మతో ఐదు రూపాయలకు పది నిమిషాలు బేరమాడడం, పనిమనిషి జీతంలో కోత పెట్టడం, సదఖా డబ్బాలో వేసే పది రూపాయలు ఆపడం ఇవన్నీ ఆ కోవలోవే. వీటితో ఏ ఇంటి లెక్కా సరిపడినట్టు మా మూడు పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఈ రమజాన్‌కు మేము చేసుకున్న ఏర్పాటు చిన్నది. పిల్లల బట్టలకు గుడ్డ రజబ్‌లోనే కొన్నాము. పండుగ ముందు రాత్రి బజారులో అడిగిన ధర ఇచ్చి తెచ్చుకునే పని ఈసారి లేదు. కుట్టేది ఎలాగూ మేమే. ఇఫ్తార్‌కు రోజుకో పండు, వారానికి ఒకరోజు హలీం ఇంట్లోనే. ఇఫ్తార్ విందు అందరికీ కలిపి ఒక్కటే, మానుకోటలో. జనగామ నుంచి తొర్రూరు మీదుగా బస్సులో పోతాము.

నాలుగో కిస్తీ ఇవ్వడానికి మొన్న అన్న స్వయంగా వచ్చాడు. కాగితం వెనుక తేదీ వేసి ఇద్దరం సంతకాలు చేశాము. మార్చిలో మార్కెట్టుకు కొత్త మిర్చి దండిగా వస్తుందని, ఏడాదికి సరిపడా మూడు ఇళ్లకూ తనే ఏరి ఉంచుతానని చెప్పాడు. కారానికి తేజ, పచ్చడి రంగుకు చపాటా. నిరుడు అలా తెచ్చి గిర్నీలో పట్టించుకుంటే ప్యాకెట్ల మీద కిలోకు నూరు రూపాయలకు పైగా మిగిలింది. వదిన మాత్రలు అయిపోతే తెచ్చిపెడుతున్నావా అని అడిగాము. "ఆమెనే పోయి తెచ్చుకుంటాంది," అన్నాడు, "దవాఖానా వరుసల నలుగురు దోస్తులైనరట. నెలకోసారి పోవుడే ఆమెకు పండుగ." ఆ పూట బస్సు ఖర్చేమీ లేదు కాబట్టి పుస్తకంలో ఎక్కడ రాయాలో తెలియక, ఖాళీ గీత మీదనే చుక్క పెడుతోందట.